కోటి రూపాయల ప్రశ్న కోసం చరిత్ర ఎలా చదవాలి?

మీరు అడిగింది క్లుప్తంగా ఇది. టీవీ క్విజ్ షో ఆడిషన్‌లో మొదటి రౌండ్ దాటారు, పిలుపు వస్తే ఇంకో నెలన్నరలో రావచ్చు. సైన్సు, సినిమా, క్రికెట్ పర్వాలేదు గానీ చరిత్ర అంటే భయం. పాత ఎపిసోడ్లు చూస్తే చివరి ప్రశ్న చాలాసార్లు చరిత్ర నుంచే వస్తోంది. అలా ఎందుకు, ఉన్న టైంలో ఏం చదవాలి, తెలియని ప్రశ్న పడితే ఆడాలా, క్విట్ అవ్వాలా?

సూటిగా చెప్పేస్తాను. చివరి ప్రశ్న ప్రతిసారీ చరిత్రే కాదు, కానీ చరిత్ర వాటా ఎక్కువే. అక్కడ అడిగేది మీకు బొత్తిగా తెలియని చరిత్ర కాదు, తెలిసిన చరిత్రనే పక్క గుమ్మంలోంచి అడుగుతారు. కాబట్టి ఇప్పుడు లావుపాటి పుస్తకం కొత్తగా మొదలెట్టకండి. తెలిసిన సంఘటనల్నే తీసుకుని వాటి చుట్టూ తిరగండి. క్విట్ సంగతి లెక్కతో సహా కింద రాస్తాను, ఆ లెక్క మీరు అనుకున్నట్టు ఉండదు.

నా సంగతి రెండు ముక్కల్లో. జూనియర్ కాలేజీలో చరిత్ర చెప్తాను, ఇరవై ఏళ్ళకు పైగా క్విజ్‌లు నడుపుతున్నాను, మధ్యలో ఏడాదిన్నర పాటు ఒక లోకల్ కేబుల్ చానెల్ ఆదివారం క్విజ్‌కి ప్రశ్నలు రాసిపెట్టాను. హాట్ సీట్లో మాత్రం ఎప్పుడూ కూర్చోలేదు. నా దగ్గర చదివిన ఇద్దరు పెద్ద షోలలో ఫాస్టెస్ట్ ఫింగర్ (అందరికంటే ముందు సరైన జవాబు నొక్కినవాళ్ళకి హాట్ సీటు దక్కే పోటీ) దాకా వెళ్ళి వచ్చారు. అంటే నేను చెప్పేదంతా ప్రశ్న రాసేవాడి వైపు నుంచి చూసింది.

ఆ వైపు నుంచి చూస్తే చరిత్ర ఎందుకో ఇట్టే అర్థమవుతుంది. ఎపిసోడ్ ఒకరోజు షూట్ చేస్తారు, టీవీలో వచ్చేది ఇంకెప్పుడో. ఫలానా శాఖ మంత్రి ఎవరు అని అడిగామనుకోండి, ఈలోపు ఆ మంత్రి మారిపోతే పరువు పోతుంది. క్రికెట్ రికార్డు మొన్న ఉన్నది ఇవాళ ఉండదు. 1868లో జరిగింది మాత్రం ఎటూ కదలదు. పైగా నాలుగు ఆప్షన్లూ నిజమైనవాటిలా కనిపించాలి కదా, చరిత్రలో అలాంటివి కావలసినన్ని దొరుకుతాయి, నలుగురు రాజులు, నాలుగు కమిషన్లు, నాలుగు ఓడలు. ఇంట్లో కూర్చుని చూసేవాడికి "అరే, ఇది ఎక్కడో చదివానే" అనిపించాలి, కానీ నోటికి రాకూడదు. ఈ గిలి చరిత్ర పెట్టినట్టు కెమిస్ట్రీ పెట్టలేదు (కెమిస్ట్రీ మాస్టార్లు క్షమించాలి).

మన దగ్గరి ఉదాహరణే చూడండి. 2021లో జూనియర్ ఎన్టీఆర్ నడిపిన 'ఎవరు మీలో కోటీశ్వరులు'లో కొత్తగూడెం వైపు నుంచి వచ్చిన పోలీసు అధికారి రాజా రవీంద్ర కోటి రూపాయలు గెలిచారు. ఆఖరి ప్రశ్న, 1956 నాటి రాష్ట్రాల పునర్వ్యవస్థీకరణ చట్టం ఏ కమిషన్ సిఫారసుల మీద వచ్చింది అని. జవాబు ఫజల్ అలీ కమిషన్. గ్రూప్స్‌కి చదివే పిల్లలు "ఓస్, ఇదా కోటి ప్రశ్న" అన్నారు, నా క్లాసులోనే అన్నారు. సరే అని అప్పటికప్పుడు బోర్డు మీద నాలుగు పేర్లు రాశాను, దార్ కమిషన్, జేవీపీ కమిటీ, వాంఛూ కమిటీ, ఫజల్ అలీ కమిషన్. ఏది ఎందుకు వేశారో, ఏది ముందో ఏది వెనకో రాయమన్నాను. నలభై మందిలో పూర్తిగా సరిగ్గా రాసినవాళ్ళు ఆరుగురు. ఇంట్లో సోఫాలో కూర్చున్నప్పుడు తెలిసినట్టు అనిపించడం వేరు, ఎదురుగా నాలుగు పేర్లు నిలబెట్టి లాక్ చేయమంటారా అని అడిగితే చెప్పగలగడం వేరు.

మీకూ ఉపయోగపడుతుంది కాబట్టి ఆ వరస ఇక్కడే చెప్పేస్తాను. 1948లో దార్ కమిషన్, భాషను బట్టి రాష్ట్రాలు ఇప్పుడు వద్దంది. దాని మీద కాంగ్రెస్ వేసుకున్నది జేవీపీ, అంటే జవహర్‌లాల్, వల్లభాయ్, పట్టాభి, మూడో ఆయన మన భోగరాజు పట్టాభి సీతారామయ్యగారే. పొట్టి శ్రీరాములుగారి మరణం తర్వాత ఆంధ్ర రాష్ట్రం ఏర్పాటు సమస్యలు చూడ్డానికి జస్టిస్ వాంఛూ వచ్చారు. 1953 అక్టోబర్ 1న కర్నూలు రాజధానిగా ఆంధ్ర రాష్ట్రం, ఆ డిసెంబర్లో దేశమంతటికీ కలిపి ఫజల్ అలీ కమిషన్, 1955 సెప్టెంబర్లో రిపోర్టు, 1956లో చట్టం, నవంబర్ 1న ఆంధ్రప్రదేశ్. ఇదీ ముందు గుమ్మం. ఇక పక్క గుమ్మాలు చూడండి: ఆ కమిషన్లో మిగతా ఇద్దరు సభ్యులెవరు? (పణిక్కర్, కుంజ్రూ.) తెలంగాణ గురించి వాళ్ళు ఏమన్నారు? (హైదరాబాద్ రాష్ట్రంగా విడిగానే ఉంచండి, 1961 ప్రాంతంలో జరిగే ఎన్నికల తర్వాత అక్కడి శాసనసభ మూడింట రెండు వంతుల మెజారిటీతో ఒప్పుకుంటే కలపండి అన్నారు.) ఆంధ్ర రాష్ట్రానికి రాజధాని కర్నూలైతే హైకోర్టు ఎక్కడ? (గుంటూరు.) ఒక్క సంఘటనకు మూడు నాలుగు గుమ్మాలు. కోటి ప్రశ్న వీటిలో ఎందులోంచైనా రావచ్చు.

హిందీ షో 'కౌన్ బనేగా కరోడ్‌పతి'లో పెద్ద ప్రశ్నలు గమనిస్తే ఇదే తీరు. నేతాజీ ఆజాద్ హింద్ ప్రభుత్వాన్ని సింగపూర్లో ప్రకటించారని స్కూల్లోనే చదువుతాం. 2020లో నాజియా నసీమ్‌కి వచ్చిన 7 కోట్ల ప్రశ్న, సింగపూర్లో ఎక్కడ అని. కాథే సినిమా హాలు. ఆవిడ కోటితో ఆగిపోయారు. మరుసటి ఏడాది ఆగ్రా టీచర్ హిమానీ బుందేలాకి అంబేడ్కర్ గారి మీద వచ్చింది. ఆయన డాక్టరేట్ల గురించి వినని వాళ్ళుండరు, అడిగింది మాత్రం లండన్ స్కూల్ ఆఫ్ ఎకనామిక్స్‌కి ఇచ్చిన ఏ థీసిస్‌కి 1923లో డాక్టరేట్ వచ్చింది అని. 'ది ప్రాబ్లం ఆఫ్ ది రూపీ'. ఆవిడా కోటితో ఆగారు. 2022లో కవితా చావ్లాకి వచ్చింది వింటే మనకి కడుపు మండుతుంది: గుండప్ప విశ్వనాథ్ తన మొదటి ఫస్ట్ క్లాస్ మ్యాచ్‌లోనే డబుల్ సెంచరీ కొట్టాడు, ఏ జట్టు మీద? మన ఆంధ్ర జట్టు మీదేనండీ, 1967లో, మన విజయవాడలోనే, 230 పరుగులు. బెజవాడలో పుట్టి పెరిగిన మా బావమరిదికే ఆ సంగతి తెలియదు.

ఇప్పుడు మీకు నిజంగా పనికొచ్చేది, జవాబు తెలియనప్పుడు జవాబు దగ్గరికి నడవడం. 2011లో బీహార్ మోతీహారీ నుంచి వచ్చిన సుశీల్ కుమార్, నెలకు ఆరు వేల జీతం మీద పనిచేసే కంప్యూటర్ ఆపరేటర్, 5 కోట్లు గెలిచిన ప్రశ్న తీసుకుందాం. 1868 అక్టోబర్ 18న నికోబార్ దీవుల హక్కుల్ని బ్రిటిష్ వాళ్ళకి అమ్మేసి, ఇండియాతో సంబంధం తెంచుకున్న వలస దేశం ఏది? బెల్జియం, ఇటలీ, డెన్మార్క్, ఫ్రాన్స్.

జవాబు తెలియదనుకుందాం. ముందు ఫ్రాన్స్. గోదావరి జిల్లాల వాళ్ళకి ఇది చిటికెలో పని, యానాంలో 1954 దాకా ఫ్రెంచి జెండా ఎగిరింది కదా, మరి 1868లోనే సంబంధం తెగిపోతే యానాం ఎలా ఉంది? ఫ్రాన్స్ పోయింది. ఇటలీ అనే దేశమే 1861లో ఒకటైంది, అంతలోనే ఇక్కడ దీవులు సంపాదించి అమ్మేసే తీరిక ఎక్కడిది? బెల్జియం 1830లో పుట్టింది, దానికి ఇక్కడ ఫలానా చోట కోట ఉంది అని మనం ఎప్పుడైనా చదివామా? లేదు. డెన్మార్క్‌కి మాత్రం తమిళనాడులో తరంగంబాడి ఉంది, 1620 నుంచీ, బెంగాల్లో శ్రీరాంపూర్ ఉంది. నికోబార్ పేరు వినకపోయినా జవాబు తేలింది. సుశీల్ ఇలాగే ఆలోచించారని నేననడం లేదు, మీరు ఇలా ఆలోచించవచ్చు అంటున్నాను.

ఆ ప్రశ్నలో తేదీ ఎందుకు పెట్టారో గమనించారా? డెన్మార్క్ వాళ్ళు తరంగంబాడిని, శ్రీరాంపూర్‌ని 1845లోనే అమ్మేశారు. తేదీ లేకపోతే "వెళ్ళిపోవడం అంటే ఏది, అప్పుడా ఇప్పుడా" అని ఎవరైనా గొడవకు వస్తారు. పెద్ద ప్రశ్నలో అదనంగా కనిపించే ముక్క, తేదీ గానీ, ఊరు గానీ, "వీరిలో" అనే చిన్న మాట గానీ, ఏదీ అలంకారం కోసం పెట్టరు. అది ప్రశ్న రాసినవాడు వేసుకున్న గొళ్ళెం. ప్రశ్నను రెండోసారి చదివేటప్పుడు ఆ గొళ్ళేల్ని వెతకండి, చాలాసార్లు దారి అక్కడే దొరుకుతుంది.

గొళ్ళెం వేసుకోకపోతే ఏమవుతుందో నాకు బాగా తెలుసు. కేబుల్ చానెల్ రోజుల్లో ఫైనల్ ఎపిసోడ్‌కి చివరి ప్రశ్న నేనే రాశాను, పొట్టి శ్రీరాములుగారు ఎన్ని రోజులు నిరాహార దీక్ష చేశారు అని. బహుమతి ఇరవై వేలు, ఒక మిక్సీ. నా కార్డు మీద 58. పాపం ఆ కుర్రాడు 56 అన్నాడు, తప్పని యాంకర్ బజర్ కొట్టించేశాడు. మర్నాడు ఉదయం కుర్రాడి నాన్నగారు ఒక స్కూల్ పుస్తకం పట్టుకుని మా ఇంటి గేటు దగ్గర నిలబడ్డారు, వేలు పెట్టి చూపించారు, 56 అనే ఉంది. నేను కేలండర్ లెక్క వేసి చూపించాను, 1952 అక్టోబర్ 19 నుంచి డిసెంబర్ 15 వరకు, మొదటి రోజూ చివరి రోజూ కలిపితే 58. ఆయన శాంతంగా విని, "మాస్టారూ, మరి ఈ పుస్తకం కూడా మీరే కదండీ పిల్లలకి చెప్పేది" అన్నారు. ఇక మాట్లాడ్డానికేముంది! కొన్ని పుస్తకాల్లో 56 ఉంటుందని నాకు తెలుసు, తెలిసీ 56నీ 58నీ ఒకే ప్రశ్నలో ఆప్షన్లుగా పెట్టడం నా బుద్ధి తక్కువ. చానెల్ వాళ్ళు ఆ కుర్రాడికీ, ఎదుటి పోటీదారుకీ చెరో ఇరవై వేలు ఇచ్చారు, మిక్సీ ఆ కుర్రాడి ఇంటికే వెళ్ళింది. అప్పట్నుంచి అంకెల ప్రశ్న రాయడం మానేశాను. పెద్ద షోల వాళ్ళు కూడా చివరి మెట్టు మీద "ఎన్ని రోజులు, ఎంతమంది చనిపోయారు" లాంటివాటి జోలికి పోవడం నేను పెద్దగా చూడలేదు. అందుకే అంకెల బట్టీ మీద మీ నెలన్నర ఖర్చు చేయకండి.

అలాగని సంవత్సరాలు అక్కర్లేదని కాదు. ఏ శతాబ్దమో తెలిస్తే చాలు, తేదీ అక్కర్లేదు. దీనికి నేనెప్పుడూ చెప్పే ఉదాహరణ ఇంగ్లండుది. ఈ ఆటలన్నిటికీ మూలమైన బ్రిటిష్ షో 1998లో మొదలైంది. 2000 నవంబర్లో జూడిత్ కెపెల్ అనే ఆవిడ అందులో మొదటిసారి మిలియన్ పౌండ్లు గెలిచారు. ప్రశ్న: ఆక్విటేన్‌కి చెందిన ఎలియనోర్ ఏ రాజు భార్య? మొదటి హెన్రీ, రెండో హెన్రీ, మొదటి రిచర్డ్, ఐదో హెన్రీ. జవాబు రెండో హెన్రీ. ఎలియనోర్ పన్నెండో శతాబ్దం మనిషి అన్న ఒక్క ముక్క తెలిస్తే ఐదో హెన్రీ ఎగిరిపోతాడు, ఆయన పదిహేనో శతాబ్దం. మొదటి రిచర్డ్, అంటే సింహహృదయుడు, ఆవిడ కొడుకే. ఇంక మిగిలేది ఇద్దరు హెన్రీలు. రెండు తప్పు ఆప్షన్లు తీసేసే 50-50 లైఫ్‌లైన్ వాడకుండానే ఫిఫ్టీ-ఫిఫ్టీ దాకా వచ్చేశారన్నమాట.

చదవడానికి నేను పిల్లల చేత చేయించే పద్ధతి ఇదీ. రోజుకి ఒక్క సంఘటన. ఉదాహరణకి బొబ్బిలి యుద్ధం. తాండ్ర పాపారాయుడు, విజయరామరాజు పేర్లు అందరికీ వచ్చు. ఇప్పుడు మీరే పక్క గుమ్మాలు రాయాలి: విజయరామరాజుకి తోడు వచ్చిన ఫ్రెంచి సేనాని ఎవరు? (బుస్సీ.) ఏ సంవత్సరం? (1757.) అదే ఏడాది బెంగాల్లో ఏం జరిగింది? (ప్లాసీ.) మరుసటి ఏడాది గోదావరి జిల్లాలో ఫ్రెంచి వాళ్ళని ఇంగ్లీషు వాళ్ళు ఓడించిన యుద్ధం? (చందుర్తి.) ఇంగ్లీషు సేనాని? (ఫోర్డ్.) ఒక్కొక్క ప్రశ్నకి మూడు తప్పు ఆప్షన్లు కూడా మీరే రాయండి, అసలు కిటుకు అక్కడే ఉంది. తప్పు ఆప్షన్ నమ్మించేలా రాయాలంటే దాని పక్కన ఎవరున్నారు, ఏముంది అని వెతకక తప్పదు, ఆ వెతుకులాటలో నాలుగు విషయాలు తలకెక్కుతాయి. నాకు తెలిసి ఇంతకంటే గట్టి పద్ధతి లేదు, యాప్‌లలో వెయ్యి ప్రశ్నలు నొక్కడం దీని ముందు ఎందుకూ కొరగాదు.

ఇక క్విట్ సంగతి. 2021 నాటి తెలుగు షో పద్ధతిలో 15 ప్రశ్నలు, పద్నాలుగోది దాటితే చేతిలో 50 లక్షలు, చివరిది తప్పితే 3 లక్షల 20 వేలకి పడిపోతారు, ఒప్పయితే కోటి. కూడికలు, తీసివేతలు చేస్తే, మీ జవాబు ఒప్పయ్యే అవకాశం సుమారు 48 శాతం దాటితే ఆడటం లాభం. అంటే రెండు ఆప్షన్లు కచ్చితంగా కొట్టేయగలిగితే లెక్క ప్రకారం ఆడొచ్చు. నాజియా, హిమానీ ఆడిన రోజుల్లో హిందీ షోది ఇంకా వింత, చేతిలో కోటి, గెలిస్తే 7 కోట్లు, ఓడితే అదే 3 లక్షల 20 వేలు. అక్కడ 14 శాతం అవకాశం ఉన్నా లెక్క ఆడమనే చెప్తుంది. గుడ్డిగా నొక్కినా నాలుగింట ఒకటి, 25 శాతం! మరి ఎందుకు అందరూ ఆగిపోతారు? పిరికితనం కాదండీ. ఆ లెక్క వందసార్లు ఆడేవాడికి. మీరు ఆడేది ఒక్కసారి, ఆ కోటితో ఇల్లు కట్టాలి, చెల్లి పెళ్ళి చేయాలి. అందుకని నా సొంత రూలు: రెండు ఆప్షన్లని కారణం చెప్పి కొట్టేయగలిగితేనే ఆడండి, "ఎందుకో సి అనిపిస్తోంది" అయితే లేచిపోండి. కారణం అంటే యానాం లాంటి కారణం. ఇంకో మాట, గెలిచిన దాని మీద 30 శాతం పన్ను, దానిపై సర్‌చార్జీ, సెస్సూ ఉంటాయి, కాబట్టి కోటి అంటే కోటి చేతికి రాదు, ముందే మనసులో తగ్గించుకుని కూర్చోండి, టెన్షన్ కూడా కొంచెం తగ్గుతుంది.

మీరు అడగలేదు గానీ ఒకటి చెప్పాలి. చివరి ప్రశ్న గురించి బెంగపడే వాళ్ళలో చాలామంది అసలు హాట్ సీట్ దాకానే వెళ్ళరు. ఫాస్టెస్ట్ ఫింగర్‌లోనే ఆగిపోతారు. అక్కడ "కింది సంఘటనల్ని జరిగిన క్రమంలో పెట్టండి" అన్న ప్రశ్న వస్తే చరిత్ర రాని వాడికి వేళ్ళు ఎంత చురుగ్గా ఉన్నా లాభం లేదు. నేను పంపిన ఇద్దరిలో ఒకమ్మాయి సరైన వరసే పెట్టింది, కానీ రెండు సెకన్లు ఆలస్యం. ఇంట్లో కాగితం మీద కాకుండా ఫోన్ మీద నొక్కుతూ ప్రాక్టీస్ చేయాల్సిందని ఇప్పటికీ అంటుంది. మీరు సైన్సులో గట్టి అంటున్నారు, చరిత్ర అవసరం మీకు పదిహేనో మెట్టు కంటే ఈ గేటు దగ్గరే ఎక్కువ పడొచ్చు. రోజూ నాలుగు సంఘటనలు చీటీల మీద రాసుకుని కలిపేసి, వరసలో పెట్టే ఆట పిల్లలతో ఆడండి, పది నిమిషాల పని.

ఫోన్ ఎ ఫ్రెండ్‌కి చరిత్ర తెలిసిన మనిషిని పెట్టుకోండి, కానీ తెలిసినవాళ్ళలో కూడా తక్కువ మాట్లాడేవాణ్ణి పెట్టుకోండి. మీకు ఉండేది ముప్పై సెకన్లు, ప్రశ్నా ఆప్షన్లూ చదవడానికే పదిహేను పోతాయి. "ఎంత నమ్మకం?" అని అడిగితే "ఎనభై శాతం" అని ఒక్క ముక్కలో చెప్పేవాడు కావాలి. నన్ను మాత్రం పెట్టకండి. ఫజల్ అలీ గురించి అడిగితే ముప్పై సెకన్లలో నేను దార్ కమిషన్ కూడా దాటను.